ఇంటి మర్యాద, కంపెనీ లెక్క

పల్నాడులోని శావల్యాపురం చుట్టుపక్కల మిరప కోతలు మొదలైతే పొద్దు పొడవకముందే ఆటోలు కదులుతాయి. ఒక్కో ఆటోలో ఒక్కో ముఠా. ముఠాకు రాసిపెట్టిన నియమావళి ఉండదు, హెచ్‌ఆర్ విభాగం మాట అసలే లేదు. అయినా కొత్తగా కాపురానికొచ్చి ముఠాలో చేరిన అమ్మాయికి వారం తిరక్కుండా అన్నీ తెలిసిపోతాయి. సాలు ఎవరి పక్కన పట్టాలి, వెనకబడ్డ మనిషికి పక్కవాళ్లు ఎంతదాకా చెయ్యి కలపాలి, పసిబిడ్డ తల్లి మధ్యలో చెట్టు కిందికి వెళ్లొస్తే ఎందుకు సణగకూడదు, రైతుతో బేరం ఎవరు మాట్లాడాలి, ఎవరు నోరు మెదపకూడదు. మనుషుల్ని తోలుకొచ్చినందుకు మేస్త్రీకి విడిగా ఎంతో కొంత ముడుతుందనీ తెలుస్తుంది. ఎంత ముడుతుందో అడగకూడదనీ తెలుస్తుంది.

పసిబిడ్డ తల్లి మీద చూపే దయ, మేస్త్రీ కమీషన్ దగ్గర పాటించే మౌనం, రెండూ ఒకే మనుషుల దగ్గర, ఒకే వారంలో అబ్బుతాయి. ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. కంపెనీల్లో పని సంస్కృతి పుట్టేదీ ఇలాగే. గోడ మీద ఫ్రేము కట్టించిన విలువల పట్టిక ఆ తర్వాతెప్పుడో వస్తుంది. అమెరికాలో ఎంఐటీ ఆచార్యుడు ఎడ్గార్ షైన్ 1985లో సంస్థల సంస్కృతి మీద రాసిన పుస్తకం సారమూ దాదాపు ఇదే. యజమాని రోజూ దేన్ని పట్టి చూస్తాడు, దేనికి కోప్పడతాడు, కష్టకాలంలో ఎలా నడుచుకుంటాడు, ఎవరికి పదోన్నతి ఇస్తాడు, ఎవరిని బయటికి పంపుతాడు అన్నవాటిని చూసే కింది మనుషులు తమ నడత దిద్దుకుంటారని ఆయన అంటాడు. ఉపన్యాసాలూ నినాదాలూ ఆయన లెక్కలో వెనక వరసలోవి.

మన తెలుగు కంపెనీల పుట్టుక చూస్తే మొదటి పదిమంది ఉద్యోగులు ఎవరన్నది చాలా సంగతులు తేల్చేసింది. బావమరిది, ఊళ్లో మాస్టారి కొడుకు, కాలేజీలో కలిసి చదివినవాడు. పెట్టుబడి చుట్టాల దగ్గరనుంచి వచ్చింది కాబట్టి మనుషులూ అక్కడినుంచే వచ్చారు. కంపెనీ పెద్దదై వేలమంది చేరాక కూడా ఆ మొదటి పదిమంది మాట్లాడుకున్న తీరే ఆఫీసు తీరుగా మిగిలింది. యజమాని పేరు పెట్టి పిలిచేవాడుండడు, ‘చైర్మన్ గారు’ అంటారు. వార్షికోత్సవం వేదిక మీద ఆయన ‘మనదంతా ఒకే కుటుంబం’ అంటారు. ఆ మాట నిజమా, నటనా అని అడిగితే తేలే వ్యవహారం కాదిది. చాలాచోట్ల అది నిజమే. నిజమైనప్పుడు దానివల్ల ఏం జరిగిందన్నదే చూడాల్సింది.

ముందు దాని పక్షాన చెప్పాల్సింది చెప్పాలి.

తొంభైల చివరినుంచి ఇంజినీరింగు కాలేజీలు ఊరూరా లేచాక పల్నాడు పల్లెల నుంచి మొదటి తరం ఇంజినీర్లు హైదరాబాదు బస్సెక్కారు. అమీర్‌పేటలో నలుగురు కలిసి ఒక గది, ఏదో ఒక కోర్సు, చుట్టం ద్వారా తెలిసిన ఒక చిన్న కంపెనీ. ఇంగ్లిషులో ఫోను ఎత్తాలంటే చెమటలు పట్టే ఆ కుర్రవాణ్ణి నిబంధనల ప్రకారం తూచి ఉంటే ఆర్నెల్లకే ఇంటికి పంపాలి. పంపలేదు. ‘మనవాడే, నేర్చుకుంటాడు’ అన్నారు. నాన్నకు ఆపరేషన్ అంటే రెండు నెలల జీతం ముందే ఇచ్చారు, సెలవులు లెక్క రాయలేదు. ఇది ఏ పాలసీ పత్రంలోనూ లేని సాయం. పాలసీలో ఉంటే అర్హతలు, సంతకాలు, గడువులు అంటూ ఆ సాయం చేరేసరికి ఆపరేషన్ అయిపోయి ఉండేది. ఈ తరహా ఆఫీసుల్లో నిలదొక్కుకుని తర్వాత పెద్ద కంపెనీలకు వెళ్లిన మనుషులు వేలల్లో ఉన్నారు. వాళ్లను అడిగితే మొదటి యజమానిని తిట్టేవాళ్లు తక్కువ. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుని బాండు రాయించుకున్న కంపెనీలూ అదే కాలంలో ఉన్నాయి, అవీ కుటుంబం మాటే చెప్పాయి. ఆ సంగతి వేరు అనలేను. అదీ ఇందులో భాగమే.

యజమాని కన్ను పడితే పనిలో వచ్చే నాణ్యతనూ తీసిపారెయ్యలేం. రామోజీరావు 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ‘ఈనాడు’ మొదలుపెట్టినప్పుడు పత్రిక తెల్లవారేసరికి గుమ్మంలో ఉండాలన్నది పట్టుదలగా పెట్టుకున్నారు. అచ్చయిన పత్రికను రోజూ చదివి తప్పొప్పుల మీద ఆయన వ్యాఖ్యలు రాసేవారని అక్కడ పనిచేసిన పాత్రికేయులు చాలామంది చెప్పుకున్నారు. వాక్యంలో ఒత్తు తప్పితే చైర్మన్ గారు చూస్తారన్న భయం ఎన్ని స్టైల్ పుస్తకాలు పంచినా రాదు. దాని ఇబ్బందీ అందులోనే ఉంది. ఏ ఒక్కరి కన్ను మీదనో నిలబడ్డ శ్రద్ధ, ఆ కన్ను చూడని మూలకు ఎంతవరకు వెళ్తుంది? మండల కేంద్రంలో సైకిల్ మీదో మోపెడ్ మీదో తిరిగి వార్త పంపే కంట్రిబ్యూటర్ తెలుగు పత్రికలన్నిటికీ కాళ్లూ చేతులూ. అయినా చాలాకాలం అతనికి అచ్చయిన వార్త కొలతను బట్టే డబ్బు. కుటుంబంలో అతని వరస ఏమిటో ఎవరూ తేల్చలేదు.

కుటుంబం అన్న మాటను అక్షరాలా అమలు చేసిన పెద్ద సంస్థ సింగరేణి. గనిలో ఆరోగ్యం పాడైన తండ్రి తప్పుకుంటే కొడుక్కి కొలువు. బొగ్గుబావిలో ఊపిరితిత్తులు అరగదీసుకున్న కార్మికుడికి అది దయ కాదు, బాకీ. బయట డిగ్రీ చేత పట్టుకుని నిలబడ్డ నిరుద్యోగికి మాత్రం అది మూసిన తలుపు. 2017లో హైకోర్టు వారసత్వ ఉద్యోగాల పథకాన్ని కొట్టేసింది. తర్వాత వైద్యపరంగా పనికి అనర్హులైన వారి పిల్లలకు కారుణ్య నియామకాల రూపంలో దారి వెతికారు. సమానావకాశం పక్షాన కోర్టు చెప్పింది సబబే. గోదావరిఖనిలోనో మందమర్రిలోనో కార్మికుడికి జరిగిన నష్టమూ నిజమే.

పల్నాడులో ఉండి ఈ విషయం మాట్లాడుతూ చాపకూడు ఊసెత్తకుండా ఉండలేం. పన్నెండో శతాబ్దపు మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడని, మాల కన్నమదాసును కొడుకులా చూసి సేనను అప్పగించాడని కథ. నాయకుడు ఒక్క పనితో సంస్థ నడతను మార్చడానికి ఇంతకంటే గట్టి ఉదాహరణ మన దగ్గర లేదు. ఇవాళ్టి కంపెనీ క్యాంటీన్లలో మేనేజర్ల బల్ల వేరుగా ఉండకూడదని వాదించేవాళ్లు చెప్పేదీ ఇదే. కానీ అదే కథ కారంపూడిలో ఎలా ముగిసింది? ఒకే చాప మీద తిన్నవాళ్లు ఒకరి వెంట ఒకరు యుద్ధంలోకి వెళ్లారు. అంతగా కలిసిపోయిన మనుషుల్లో ‘ఇక చాలు, ఆగుదాం’ అనే మాట పైకి లేవడం కష్టమైపోయింది. కారంపూడిలో ఏటా కార్తికంలో జరిగే వీరుల ఉత్సవాల్లో ఇప్పటికీ చాపకూడు జరుపుతారు, వీరులనూ తలుచుకుంటారు. ఒకటి తీసుకుని రెండోది వదిలెయ్యడం కుదరదని ఆ ఊరివాళ్లకు తెలిసినంతగా మన మేనేజ్‌మెంటు పాఠాలు రాసేవాళ్లకు తెలియదేమో.

ఇక్కడినుంచి సత్యం దగ్గరికి రావాలి. తెలుగువాళ్ల కంపెనీ సంస్కృతి గురించి ఎంత చుట్టుతిరిగి మాట్లాడినా ఆ పేరు దాటి పోలేం.

బి.రామలింగరాజు 1987లో హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ పెట్టారు. ఉద్యోగుల్ని ఉద్యోగులు అనకుండా ‘అసోసియేట్స్’ అనేవారు. సొంతంగా నాయకత్వ శిక్షణ, దానికొక ప్రత్యేక పరిభాష. ఆఫీసు బయట తండ్రి పేరుతో బైర్రాజు ఫౌండేషన్. 2005లో మొదలై ఇవాళ పల్లెపల్లెకూ తెలిసిన 108 అంబులెన్సు సేవ వెనక ఉన్నదీ ఆయన చొరవే. సత్యంలో పని దొరికిందంటే ఊళ్లో సంబంధాలు వెతుక్కుంటూ వచ్చే రోజులవి. ఆ గౌరవం ఊరికే వచ్చింది కాదు. ఆ కంపెనీలో మంచి ఇంజినీర్లు తయారయ్యారు, మంచి పని జరిగింది.

2008 సెప్టెంబరులో సత్యానికి కార్పొరేట్ పాలనలో శ్రేష్ఠతకు గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. డిసెంబరు 16న రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు సత్యం చేత కొనిపించే ప్రతిపాదనకు బోర్డు ఒప్పుకుంది. ఆ బోర్డులో ఉన్నవాళ్లు సామాన్యులు కారు. హార్వర్డ్ ఆచార్యుడు కృష్ణ పాలెపు, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్ ఎం.రామ్మోహనరావు, కేంద్ర ప్రభుత్వ మాజీ కేబినెట్ కార్యదర్శి టి.ఆర్.ప్రసాద్, పెంటియం చిప్ తయారీలో పేరుపడ్డ వినోద్ ధామ్. వాటాదారులు గగ్గోలు పెట్టడంతో గంటల్లోనే ఆ ఒప్పందాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత రోజుల్లో మారుపేరుతో ఒక ఈమెయిల్ బోర్డు సభ్యుడొకరికి వెళ్లింది. కంపెనీ లెక్కల్లో ఉందంటున్న డబ్బు లేదని దాని సారాంశం. 2009 జనవరి 7న రామలింగరాజు స్వయంగా లేఖ రాశారు. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో రూ. 5,040 కోట్లు లేవని ఒప్పుకున్నారు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు ఆయనతో కలిపి పదిమందిని దోషులుగా తేల్చి శిక్షలు వేసింది. వాళ్లు అప్పీలుకు వెళ్తే పై కోర్టు ఆ శిక్షను నిలిపి బెయిలిచ్చింది.

నాకు ఇందులో అన్నిటికంటే బరువుగా తోచేది ఆ మారుపేరు. ఎవరో ఒకరికి విషయం తెలుసు. తెలిసిన మనిషి పైఅధికారి గది తలుపు తట్టలేదు, సొంత పేరు పెట్టలేదు, బయటి మనిషిలాంటి స్వతంత్ర డైరెక్టరుకు దొంగచాటుగా రాశాడు. 53,000 మంది ఉన్న కంపెనీలో, నాయకత్వ పాఠాలు చెప్పుకునే కంపెనీలో, ఒక నిజం చెప్పడానికి తిన్నని దారి కనపడలేదు. ఆ వేలమందిలో దాదాపు అందరికీ ఏమీ తెలియదు, వాళ్లను ఈ తప్పులో కలపడం అన్యాయం. కానీ లెక్కల గదిలో తెలిసిన కొద్దిమంది ఇన్నేళ్లు నోరు మూసుకోవడానికీ, అంత చదువుకున్న బోర్డు ఆ మేటాస్ ప్రతిపాదనను ఆపకపోవడానికీ ఒకే అలవాటు కారణమని నా అనుమానం. పెద్దాయన చేశారంటే ఏదో ఆలోచించే చేసి ఉంటారులే అన్న మర్యాద అది. ఇంట్లో అది సుగుణం. ఆడిట్ కమిటీలో కాదు.

అయితే జనవరి 7 తర్వాత జరిగిందేమిటో కూడా చెప్పకపోతే ఈ తూకం దొంగ తూకమే. ప్రభుత్వం పాత బోర్డును తీసేసి దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, సి.అచ్యుతన్ వంటివారితో కొత్తది వేసింది. ఆ నెల జీతాలు వస్తాయో రావో తెలియదు. అమెరికాలో క్లయింట్లు ఫోన్లు చేస్తున్నారు. ఆ స్థితిలో అసోసియేట్లు వెళ్లి మామూలుగా తమ సీట్లలో కూర్చున్నారు, ప్రాజెక్టులు అందించారు. ఫిబ్రవరిలో కొత్త బోర్డు సీఈఓగా పెట్టింది బయటి మనిషిని కాదు, అదే కంపెనీలో పెరిగిన ఎ.ఎస్.మూర్తిని. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా వేలంలో గెలిచి కొనేనాటికి కొనడానికి అక్కడ కంపెనీ అంటూ మిగిలి ఉందంటే దానికి పెద్ద కారణం ఆ మనుషులు. ఒప్పందం మాత్రమే నడిపించే చోట, జీతం అనుమానమైన రోజున ఎవరైనా ఎందుకు రావాలి? నోరు మూయించిన ఆ బంధమే కంపెనీని నిలబెట్టింది కూడా. చెడు సంస్కృతి అని ముద్ర వేసి పక్కన పెట్టేవాళ్లు, మంచి సంస్కృతి అని పొగిడేవాళ్లు, ఇద్దరూ సత్యం విషయంలో సగమే చూశారనిపిస్తుంది. కొత్త యాజమాన్యం వచ్చిన కొన్ని నెలలకే పని లేని వేలమందిని ‘వర్చువల్ పూల్’ పేరుతో తగ్గించిన జీతం మీద ఇంట్లో కూర్చోబెట్టిందనీ గుర్తుంచుకోవాలి. కుటుంబంలో అలా జరగదు. కంపెనీ బతకాలంటే జరిగి తీరాలి.

ఇక అవతలి పక్షం. అన్నీ కొలతల మీద, కాగితాల మీద, అందరికీ ఒకే రూలు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. మైక్రోసాఫ్ట్‌లో చాలా ఏళ్లు ఇలాంటి పద్ధతే నడిచింది. ప్రతి మేనేజరూ తన బృందాన్ని వరసలో నిలబెట్టి ఇంతమంది గొప్పవాళ్లు, ఇంతమంది ఫరవాలేదు, ఇంతమంది పనికిరారు అని తప్పనిసరిగా విడగొట్టాలి. బృందంలో అందరూ మంచి పనివాళ్లే అయినా ఎవరో ఒకరు అడుగున పడాల్సిందే. దాంతో గొప్ప ఇంజినీర్లు మరో గొప్ప ఇంజినీరు పక్కన పనిచేయడానికి వెనకాడారు. పక్కవాడికి సాయపడితే తన వరస దిగుతుంది. మిరప చేలో ఏ ముఠా కూడా ఇలాంటి రూలు పెట్టుకోదు. పెట్టుకుంటే కోత నడవదు. 2013 నవంబరులో మైక్రోసాఫ్ట్ ఆ పద్ధతిని రద్దు చేసింది.

మూడు నెలలకు, 2014 ఫిబ్రవరి 4న, హైదరాబాద్‌లో పెరిగిన సత్య నాదెళ్ల ఆ కంపెనీకి సీఈఓ అయ్యారు. అన్నీ తెలిసినవాడిలా కాక ఎప్పుడూ నేర్చుకునేవాడిలా ఉండాలన్నది ఆయన పట్టుకున్న మాట. తన కింది ముఖ్యుల చేత అహింసాత్మక సంభాషణ గురించి మార్షల్ రోజెన్‌బర్గ్ రాసిన పుస్తకం చదివించారు. అదే ఏడాది జూలైలో 18,000 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించారు. వాటిలో ఎక్కువ భాగం అంతకుముందు కొన్న నోకియా విభాగానివి. సానుభూతి పాఠం, ఉద్వాసన ఉత్తరం, రెండూ ఒకే ఏడాదిలో. కపటం అనేవాళ్లు అన్నారు. నాకు కపటం అనిపించదు. నిర్ణయం కఠినమైనా దాన్ని చెప్పే తీరు, ఉన్నవాళ్లు ఒకరితో ఒకరు నడుచుకునే తీరు వేరే విషయాలు, వాటిని మార్చడం సాధ్యమేనని ఆయన కంపెనీ తర్వాతి పదేళ్లు చూపించింది.

నా వాదనకు అసలు అవసరమైన సంఘటన ఆ అక్టోబరుది. సాంకేతిక రంగంలోని మహిళల సదస్సులో, జీతం పెంచమని అడగడం గురించి ప్రశ్న వచ్చింది. అడగక్కర్లేదు, వ్యవస్థ మీద నమ్మకం ఉంచాలి, అడగకుండా ఉండటం మంచి కర్మ అన్న ధోరణిలో నాదెళ్ల జవాబిచ్చారు. దుమారం రేగింది. ఆ రోజే తన జవాబు పూర్తిగా తప్పని ఒప్పుకుంటూ సిబ్బందికి రాశారు. ఆ జవాబు ఎక్కడినుంచి వచ్చిందో మన ఇళ్లలో పెరిగిన ఎవరికైనా తెలుసు. పెద్దవాళ్లు చూస్తారు, నువ్వు నోరు తెరిచి అడగొద్దు. సియాటిల్ దాకా వెళ్లినా అది వదల్లేదు. కాకపోతే అక్కడ నిమిషాల్లో ఎదురు చెప్పేవాళ్లు ఉన్నారు, వేదిక మీదున్న ఆచార్యురాలు మరియా క్లావే మొదలుకొని. ఆమె అప్పటికి మైక్రోసాఫ్ట్ బోర్డు సభ్యురాలు. చైర్మన్ గారి మాటకు సభలోనే కాదు అనగలిగిన బోర్డు సభ్యులు హైదరాబాద్ కంపెనీల్లో ఎందరున్నారో వాళ్లకే తెలియాలి.

ఆడవాళ్ల విషయంలో కుటుంబ పద్ధతికి నా దగ్గర వకాల్తా లేదు. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్పింది. కుటుంబం అనుకునే ఆఫీసులో ఆ ఫిర్యాదు ఇంటి పరువు వ్యవహారం అయిపోతుంది. ‘ఆయన మనిషి మంచివాడమ్మా, నేను చెప్తాలే’ అంటారు. జిన్నింగ్ మిల్లులోనైనా, ఏసీ గదిలోనైనా ఆ మాట వినపడిందంటే అక్కడికి కాగితం, తేదీ, సంతకం, బయటి సభ్యురాలు కావాల్సిందే. జీతాల పెంపులోనూ అంతే. మొహం చూసి ఇచ్చే హైకులో మొహం చూపించే తీరిక లేనివాళ్లు వెనకబడతారు, సాయంత్రం ఆరింటికి పిల్లల కోసం ఇంటికి పరుగెత్తేవాళ్లు ముఖ్యంగా.

కాబట్టి నా మొగ్గు ఇలా ఉంది. డబ్బు లెక్క, పదోన్నతి, ఫిర్యాదు, ఈ మూడింటి దగ్గరా చుట్టరికం చెల్లకూడదు. అక్కడ రూలు ఎంత మొండిదైతే అంత మేలు. జబ్బు, చావు, కొత్తగా నేర్చుకునేవాడి తడబాటు, ఇలాంటి చోట్ల మాత్రం రూలు పక్కకు జరగాలి, మనిషి ముందుకు రావాలి. ఇదేదో మధ్యేమార్గం అనుకోవడం లేదు. నిజానికి చాలా కంపెనీలు దీన్ని తిరగేసి నడుపుతున్నాయి. సెలవు దగ్గర చాదస్తంగా రూలు, పదోన్నతి దగ్గర చుట్టరికం.

ఈ మొగ్గుకు ఒక చిక్కు ఉంది, దాన్ని దాటెయ్యలేను. పిడుగురాళ్ల వైపునుంచి వచ్చిన కొత్త రైలుమార్గం శావల్యాపురం దగ్గర గుంటూరు పాత లైనులో కలిసింది, దారులైతే పెరుగుతున్నాయి. కానీ ఈ ఊళ్లనుంచి గచ్చిబౌలిలోని విదేశీ కంపెనీ గేటు దాకా వెళ్లే కుర్రవాడు ఇప్పటికీ లోపల ఎవరో ఒకరు ఉంటేనే లోపలికి వెళ్తున్నాడు. ఆ కంపెనీలు చుట్టరికాన్ని ఒప్పుకోవు. తమ ఉద్యోగి తెలిసినవాళ్లను సూచిస్తే మాత్రం తీసుకుంటాయి, చేరాక ఆ ఉద్యోగికి బోనసూ ఇస్తాయి. దాన్ని రిఫరల్ అంటారు, అది రూలు పుస్తకంలో ఉంది. ఆ బోనసు ఎంతో అందరికీ తెలుసు, అడిగితే చెప్తారు కూడా. మేస్త్రీ కమీషన్‌కూ దానికీ ఉన్న తేడా అంతే, కానీ ఆ తేడా చిన్నదని నేననను.